చదువుకు తోడు

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లిన మొదటి రోజున, హైదరాబాద్‌లో అమీర్‌పేట చుట్టుపక్కల హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. పాసుల కోసం వాళ్లు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికినవాళ్లు బైకుల మీద, కార్లలో ఊరి దారి పట్టారు. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో వాళ్లని ఆపేశారు. ఒక రాష్ట్రం పొమ్మంది, రెండో రాష్ట్రం రావద్దంది. ఆ తర్వాత రెండేళ్లు విద్యార్థుల గురించి జరిగిన చర్చంతా ‘ఇంటి నుంచి చదువు’ అనే మాట చుట్టూనే తిరిగింది గానీ, ఆ మాటలో ఇల్లంటే ఏమిటో ఎవరూ పెద్దగా విచారించలేదు. ఇల్లు ఉంటుందనీ, అందులో ఒక మూల ఖాళీగా ఉంటుందనీ, ఆ మూల కూర్చున్న పిల్లను చదువుకోనిచ్చే తీరిక ఇంటికి ఉంటుందనీ ముందే అనేసుకుని, మిగిలిన లోటు ఫోనూ సిగ్నలూ మాత్రమే అన్నట్టు లెక్కలు వేశారు. ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఇప్పుడు చూడొచ్చు. సర్వేలు వచ్చాయి, పరీక్షా ఫలితాలు వచ్చాయి, బళ్లు తెరిచాక పిల్లలు ఎంత కోలుకున్నారో కొలిచిన అధ్యయనాలూ వచ్చాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే నాకు తేలుతున్నది ఇదీ: ఆ రెండేళ్లలో పిల్లలు నిలబడ్డారా, జారిపోయారా అన్నది చేతిలో ఏముందన్న దానికన్నా పక్కన ఎవరున్నారన్న దాని మీద ఎక్కువ ఆధారపడింది. చదువు విషయంలోనే కాదు, మనసు విషయంలోనూ అంతే.

ముందు చేతిలో ఉన్నదాని సంగతే చూద్దాం. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం గ్రామీణ భారతంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 4.4 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 14.9 శాతం. రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 2 శాతం కూడా లేవు. అందుకే ఆన్‌లైన్ క్లాసు అనగానే ‘లేనివాళ్ల మాటేమిటి’ అన్న ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. ప్రభుత్వాలు దానికి టీవీని జవాబుగా చూపించాయి. ఆంధ్రప్రదేశ్ దూరదర్శన్ సప్తగిరిలో విద్యావారధి, విద్యామృతం పేర్లతో పాఠాలు వేసింది. పిల్లల్ని హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు రకాలుగా విడదీసి టీచర్ల చేత జాబితాలు రాయించింది. (పూట గడవని ఇంటికి ఇంత సాంకేతికమైన పేరు మునుపెవరూ పెట్టి ఉండరు.) తెలంగాణ 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలుకొని పైవాళ్లకు టీ-శాట్, యాదగిరి ఛానళ్లలో పాఠాలు మొదలుపెట్టి, టీవీ లేనివాళ్లను పక్కింటికో పంచాయతీ ఆఫీసుకో జతచేయమంది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఆ ఏర్పాటులోనే లేరు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దీని ఫలితం తర్వాత కనిపిస్తుంది.

తల్లిదండ్రులు మాత్రం ప్రభుత్వాల కోసం ఆగలేదు. పల్లెల్లో బడి పిల్లలున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతమైతే, 2020 సెప్టెంబరు నాటికి 61.8 శాతమనీ, 2021లో 67.6 శాతమనీ ‘అసర్’ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలు చెప్పాయి. లాక్‌డౌన్ తర్వాత ఆర్నెల్లలోనే సుమారు పదిళ్లలో ఒక ఇల్లు పిల్లల చదువు కోసం కొత్త ఫోను కొన్నది. పనుల్లేని ఆర్నెల్లలో ఆ డబ్బు ఎక్కడిదో, ఎన్ని చెవికమ్మలు కుదువకు వెళ్లాయో సర్వే అడగలేదు. అంటే ఇక్కడ లోపం తల్లిదండ్రుల పట్టుదలది కాదు. అయినా అదే 2020 సర్వేలో, అడిగిన వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠమో వర్క్‌షీటో అందిందని చెప్పినవాళ్లు మూడోవంతు పిల్లలే. 2021లో ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండి కూడా అది తమ చేతికి రాని పిల్లలు 26 శాతం. ఫోను నాన్నతో పాటు పొద్దున్నే పనికి వెళ్తుంది, రాత్రి చార్జింగ్ అయిపోయాక ఇంటికొస్తుంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సెప్టెంబరు నాటికి ఆ ఏడాది పాఠ్యపుస్తకాలు చేతిలో ఉన్న పిల్లలు సుమారు మూడోవంతే. పుస్తకాలతో కూడిన విద్యాకానుక పంపిణీ అక్టోబరు 8న గానీ మొదలవలేదు. ఫోన్ల గురించి ఊరంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో, చార్జింగ్ అక్కర్లేని పుస్తకం పిల్లలకు ఇంకా చేరలేదు.

ఇక ఫలితం. 2022లో అసర్ మళ్లీ ఇళ్లకు వెళ్లి పరీక్షించింది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశంలో 27.3 శాతం నుంచి 20.5కు తగ్గారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు, తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయారు. పోలిక 2018తోనే. ఆ నాలుగేళ్లలోనే ఫోన్లు దాదాపు రెట్టింపయ్యాయి. దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది, అది గట్టిదే: మన బళ్లు 2018లోనే అంతంతమాత్రం కదా, నూటికి డెబ్భై ఏడు మందికి చదవడం రాని చోట మహమ్మారిని నిందించడమేమిటి? నిజమే, పాత రోగం పాతదే. కానీ ఈ అభ్యంతరం నా వాదనకు అడ్డం రాదు, బలమిస్తుంది. అంత నీరసంగా ఉన్న బడి కూడా ఏదో ఒకటి చేస్తూ వచ్చింది. అది మూతపడగానే ఉన్న కాస్తలో సగమో, అంతకన్నా ఎక్కువో పోయింది. అంటే బలహీనమైన బడి చేస్తున్న పనిని బలమైన సిగ్నల్ కూడా చేయలేకపోయింది. ఏమిటా పని? తెలుగు అక్షరం నేర్చుకునే పిల్లకి కొమ్ము ఎక్కడ, ఏత్వం ఎక్కడ, ఒత్తు కింద ఏముంది అని వేలు పెట్టి చూపించి, తప్పు పలికితే అక్కడే ఆపి, మళ్లీ పలికించే మనిషి కావాలి. టీవీ మాట్లాడుతుంది, వినదు. 2022లో మూడో తరగతిలో ఉన్నవాళ్లు 2020లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లు. తెలంగాణ టీవీ పాఠాల్లో చోటు దొరకనిది సరిగ్గా వాళ్లకే. ఆ రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2020 మార్చిలో బడి దాటి వస్తే, 2021 సెప్టెంబరు దాకా మళ్లీ గడప తొక్కలేదు. ఆంధ్రప్రదేశ్ చిన్న తరగతులను 2021 ఫిబ్రవరిలో తెరిచి ఏప్రిల్ దాకా నడిపింది. రెండు రాష్ట్రాల పతనంలో ఉన్న తేడా అంతటికీ ఈ రెండు మూడు నెలలే కారణమని నేననను. రెండు చోట్లా దెబ్బ పెద్దదే. కానీ చూసీ చూడనట్టు వదిలేసే తేడా కూడా కాదు.

పెద్ద పిల్లల కథ మరో రకం. తెలంగాణలో 2020 మార్చిలో పదో తరగతి పరీక్ష రాయడానికి కూర్చున్న బ్యాచ్‌ని ఒక్కసారి వెంబడించండి. మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. మొదటి పేపర్లు రాశాక హైకోర్టు ఆదేశంతో మిగిలినవి ఆగిపోయాయి. జూన్ 8న సుమారు 5.34 లక్షల మందినీ పరీక్ష లేకుండానే పాస్ చేశారు. వాళ్లు ఇంటర్‌లో చేరారు గానీ కాలేజీ చూడలేదు. టీవీ పాఠాలు, ఆన్‌లైన్ క్లాసులతో నెలలు గడిచాయి. 2021 ఫిబ్రవరి 1న తలుపులు తెరిచి మార్చి 24 నుంచి మళ్లీ మూశారు. ఏప్రిల్‌లో పరీక్షలు రద్దు చేసి రెండో సంవత్సరానికి పంపించారు. అక్టోబరులో వెనక్కి పిలిచి, సిలబస్ 70 శాతానికి తగ్గించామని చెప్పి, మొదటి సంవత్సరం పరీక్ష పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలు వస్తే, రాసిన 4,59,242 మందిలో గట్టెక్కినవాళ్లు 49 శాతం. ఆ తర్వాతి రోజుల్లో కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, బోర్డు ఆఫీసు ముందు ధర్నాలు జరిగాయి. డిసెంబరు 24న విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి తప్పినవాళ్లందరికీ కనీస మార్కులు 35 వేసి పాస్ చేస్తున్నట్టు ప్రకటించారు. పాస్, రద్దు, ప్రమోషన్, ఫెయిల్, మళ్లీ పాస్. ఇరవై ఒక్క నెలల్లో ఆ పిల్లల మీద ఇన్ని తీర్పులొచ్చాయి. వాటిలో ఒక్కటైనా ‘నీకు ఇప్పుడు ఏం వచ్చు, ఏం రాదు’ అని వాళ్లకు చెప్పినది కాదు.

ఇక్కడ పాస్ శాతాల గురించి ఒక జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్ 24న సుప్రీంకోర్టు గట్టిగా ప్రశ్నించాక గానీ పది, ఇంటర్ పరీక్షలు రద్దు కాలేదు. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారం ఇమ్మనాల్సి రావొచ్చని ధర్మాసనం అన్నది అప్పుడే. మరుసటి ఏడాది అక్కడ పదో తరగతి పరీక్ష మామూలుగా జరిగితే 67.26 శాతమే ఉత్తీర్ణులయ్యారు. 2019లో అది 94.88. అదే 2022లో తెలంగాణ పదో తరగతి ఫలితం 90 శాతం. మరి తెలంగాణ పిల్లలు బాగా చదివారా? చదవడం గురించి అసర్ చెప్పిన మాట అలా లేదు. తెలంగాణ సిలబస్ తగ్గించింది, ప్రశ్నల్లో ఎంపిక పెంచింది. ఆంధ్రప్రదేశ్ అంత సడలించలేదు. పాస్ శాతం పిల్లల చదువుకన్నా ప్రశ్నపత్రం స్వభావాన్నే ఎక్కువ చెబుతుంది. ఆ అంకెను పట్టుకుని ఒక రాష్ట్రం పిల్లలు తట్టుకున్నారనీ మరో రాష్ట్రం పిల్లలు తట్టుకోలేదనీ రాసిన వ్యాఖ్యానాలన్నీ గాలిలో కట్టినవే.

మనసు సంగతికి వస్తే సాక్ష్యం ఇంకా చిక్కుగా ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి దాదాపు 3,000 మంది పిల్లలను ఏళ్ల తరబడి వెంబడిస్తున్న ఆక్స్‌ఫర్డ్ వారి ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2020లో వాళ్లకే ఫోన్లు చేసి ఆందోళన, కుంగుబాటు లక్షణాల గురించి అడిగింది. నాలుగు దేశాల్లో ఒకే రకం ప్రశ్నలు. పెరూలో ఆందోళన లక్షణాలు కనిపించినవాళ్లు 41 శాతమైతే, మన దగ్గర సుమారు 11 శాతం. దీన్ని చూసి మనవాళ్లు గట్టిపిండాలని సంతోషించేవాళ్లుంటారు. కుటుంబాలు కలిసి ఉండటం, ఊళ్లో నలుగురూ మాట్లాడుకోవడం కొంత కాపాడి ఉండొచ్చు, కాదనను. అయితే ఆ ప్రశ్నలు వెళ్లింది ఫోన్లో. రెండు గదుల ఇంట్లో అమ్మ పక్కన బియ్యం ఏరుతుండగా, అన్న మంచం మీద పడుకుని వింటుండగా, పంతొమ్మిదేళ్ల పిల్ల ‘నాకు దేని మీదా ఆసక్తి ఉండటం లేదు’ అని ఎవరో తెలియని గొంతుకు చెబుతుందా? మన భాషలో ఆ బాధ ‘తలనొప్పిగా ఉంది’, ‘నిద్ర పట్టడం లేదు’, ‘అన్నం సయించడం లేదు’ అనే మాటల్లో బయటపడుతుంది. ప్రశ్నావళి ఆ మాటలన్నిటినీ పట్టుకోదు. కాబట్టి 11 శాతాన్ని ధైర్యానికి కొలతగానూ తీసుకోలేం, అబద్ధమని కొట్టేయలేం కూడా.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు మరో వైపు లాగుతాయి. దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 2019లో 10,335 మంది, 2020లో 12,526 మంది, 2021లో 13,089 మంది. మహమ్మారి వల్లే పెరిగిందని పత్రికలు రాశాయి. కానీ 2022లో, బళ్లూ కాలేజీలూ పూర్తిగా తెరుచుకున్నాక కూడా, ఆ సంఖ్య 13 వేలకు పైనే ఉండిపోయింది. కారణం కరోనా ఒక్కటే అయితే కరోనాతో పాటు తగ్గాలి. పరీక్ష, ఫీజు, ఇంట్లోవాళ్ల ఆశ, ఉద్యోగం దొరుకుతుందో లేదోనన్న భయం అంతకు ముందూ ఉన్నాయి, ఆ తర్వాతా ఉన్నాయి. ఇల్లు చేసిందల్లా ఆ బరువును పంచుకునే దారులు మూసేయడం. హాస్టల్లో స్టడీ అవర్ ఎంత జైలులా ఉన్నా పక్క మంచం మీద ఒకడుంటాడు. ‘నీకెంతొచ్చిందిరా’ అని అడిగేవాడు వాడే, ‘పోనీలేరా, సప్లీలో కొడదాం’ అని నవ్వించేవాడూ వాడే. ఫలితాలు ఇంట్లో ఫోన్ తెర మీద ఒంటరిగా చూసుకున్న బ్యాచ్‌కి ఆ రెండో మాట వినిపించలేదు. ఏ ఒక్క మరణానికీ దూరం నుంచి కారణం చెప్పడం తగదు, నేనూ చెప్పడం లేదు. కారణాలు పాతవి, కొత్తగా వచ్చింది ఏకాంతం అన్నంత మాత్రమే ఈ అంకెల నుంచి తీసుకోగలం.

మరి ఆ కాలంలో పిల్లలకు అందిన సలహాలేమిటి? పొద్దున్నే లేవండి, టైంటేబుల్ వేసుకోండి, యోగా చేయండి, వార్తలు తక్కువ చూడండి, కొత్త హాబీ పట్టండి. కేంద్రం 2020 జూలైలో ‘మనోదర్పణ్’ పేరుతో హెల్ప్‌లైను కూడా పెట్టింది. ఈ సలహాల్లో తప్పేమీ లేదు. రోజుకంటూ ఒక క్రమం ఉండటం మనసుకు మంచిదని ఎవరూ కాదనరు. చిక్కల్లా, ఇవన్నీ విద్యార్థిని తన సమయానికి తనే యజమాని అయిన మనిషిగా ఊహిస్తాయి. పత్తి ఏరే రోజుల్లో చేనుకు వెళ్లే పిల్లవాడి టైంటేబుల్ మేస్త్రీ చేతిలో ఉంటుంది. ఆడపిల్ల టైంటేబుల్ పొయ్యి చేతిలో ఉంటుంది. బడికి వెళ్లడమంటే ఆడపిల్లకు పాఠమొక్కటే కాదు, ఇంటి పని నుంచి ఎవరూ కాదనలేని ఆరేడు గంటల సెలవు. బడి మూయగానే ఆ సెలవు రద్దయింది. కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మహమ్మారికి ముందే, 20 నుంచి 24 ఏళ్ల వయసున్న యువతుల్లో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అలాంటి చోట బడి తలుపు ఎన్ని పెళ్లిళ్లను వాయిదా వేయిస్తోందో తలుపు మూశాక గానీ తెలిసిరాదు. తట్టుకోవడాన్ని వ్యక్తి గుణంగా చూసే సలహా, ఎక్కువ సమయమూ స్థలమూ ఉన్నవాడినే గుణవంతుడిగా తేలుస్తుంది. 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అలలో అమ్మానాన్నలనే పోగొట్టుకున్న పిల్లలకు ఈ సలహాలు ఎలా వినిపించి ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అలాంటి అనాథల పేరిట 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేసింది. డబ్బు అవసరమే. హోంవర్క్ చేశావా అని అడిగే గొంతు ఏ బ్యాంకులోనూ ఉండదు.

పనిచేసినదేమిటో ఇప్పుడు చూద్దాం. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఊళ్లకు చేరిన పై తరగతుల పిల్లలు తమ వీధుల్లో చిన్నవాళ్లను పోగేసి, అరుగుల మీదా చెట్ల కిందా చదువు చెప్పారు. ‘విలేజ్ లెర్నింగ్ సర్కిల్’ అని పేరు పెట్టారు గానీ అది మన పాత అరుగుబడే. ఎంత నేర్చుకున్నారన్న దాని మీద లోతైన కొలత జరగలేదు కనుక అంచనా వేయడానికి పక్క రాష్ట్రానికి పోవాలి. తమిళనాడు గ్రామాల్లో సుమారు 19,000 మంది చిన్నపిల్లలను మహమ్మారికి ముందూ తర్వాతా పరీక్షించిన అభిజీత్ సింగ్, మారిసియో రొమేరో, కార్తీక్ మురళీధరన్‌ల అధ్యయనం ఇక్కడ చాలా విలువైనది. 18 నెలల మూసివేత తర్వాత 2021 డిసెంబరులో నష్టం భారీగా తేలింది, భాషలో కన్నా లెక్కల్లో ఎక్కువ. తర్వాతి ఆరు నెలల్లోనే అందులో మూడింట రెండు వంతులు పూడింది. ఆ కోలుకోవడంలో దాదాపు నాలుగోవంతు ‘ఇల్లం తేడి కల్వి’ వల్ల వచ్చిందని వాళ్లు లెక్క తేల్చారు. పేరుకు అర్థం ఇల్లు వెతుక్కుంటూ వచ్చే చదువని. అదే వీధిలో ఉండే చదువుకున్న ఆడవాళ్లు సాయంత్రం గంట, గంటన్నర పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్లు. వాళ్లకిచ్చింది నెలకు వెయ్యి రూపాయలు. ట్యాబ్ లేదు, యాప్ కేంద్రంగా లేదు. కడివెడు పాలున్నా చెంచాడు తోడు పడకపోతే పెరుగు కాదని మన వంటింట్లో అందరికీ తెలుసు. ఈ పథకం ఆ చెంచా.

దీనికి వచ్చే అభ్యంతరం, మనిషి ఎదురుగానే ఉండాలా, ఫోన్లో గొంతు చాలదా అన్నది. సాక్ష్యం రెండు వైపులా ఉంది, దాచకుండా చెప్పాలి. బోట్స్‌వానాలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఇళ్లకు వారానికోసారి లెక్కలు మెసేజ్‌లుగా పంపారు. కొన్నిటికి మెసేజ్‌తో పాటు టీచరు ఇరవై నిమిషాలు ఫోన్ కూడా చేశారు. మామూలు బటన్ ఫోనే. మెసేజ్ ఒక్కటే వెళ్లిన ఇళ్లలో గుర్తించదగిన ఫలితం లేదు. ఫోన్ వెళ్లిన ఇళ్లలో పిల్లల లెక్కలు మెరుగయ్యాయి. సియెరా లియోన్‌లో ఇలాగే టీచర్లు వారంవారం ఫోన్ చేస్తే మాత్రం మార్కుల్లో మార్పు రాలేదు. ఇటలీలో యూనివర్సిటీ విద్యార్థులు వాలంటీర్లుగా పేదింటి పిల్లలకు ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరికి విడిగా చెప్పారు. అక్కడ చదువూ మెరుగైంది, మనసూ కుదుటపడింది. అంటే తోడు తెర మీద నుంచి కూడా రావొచ్చు, కాకపోతే ఒకరికి ఒకరుగా, వారం తప్పకుండా, ఎదుటి పిల్ల ఎక్కడ తడబడుతోందో వింటూ రావాలి. మూడు వందల మందిని మ్యూట్‌లో పెట్టి సాగే క్లాసు ఆ కోవలోకి రాదు. ఇటలీ ఫలితాన్ని ఇంకో కారణంతో కూడా ముఖ్యమనుకుంటాను. చదువు నష్టానికొక శాఖ, మానసిక ఆరోగ్యానికొక హెల్ప్‌లైను అని మనం విడదీసి చూసిన రెండూ ఒకే మందుకు లొంగాయని అది చూపించింది.

పరికరం చాలినంత ఉన్నవాళ్ల అనుభవం కూడా ఇటే చూపిస్తుంది. 2020 మొదట్లో చైనా నుంచి తిరిగొచ్చిన వైద్య విద్యార్థులు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది, 2022 రెండో సగం దాకా ఇంట్లోంచే ఎంబీబీఎస్ పాఠాలు విన్నారు. ల్యాప్‌టాప్‌కీ నెట్‌కీ వాళ్లకు కొరత లేదు. రోగి మంచం పక్కన నిలబెట్టి చేయి పట్టుకుని చూపించే ప్రొఫెసర్ లేడంతే. చివరికి జాతీయ వైద్య కమిషన్ ఏడాదికి బదులు రెండేళ్లు ఇంటర్న్‌షిప్ చేయాలని షరతు పెట్టింది.

ఇంట్లో ఉండి వికసించినవాళ్లు లేరా అంటే ఉన్నారు. రోజూ రెండు గంటలు బస్సులో నలిగే బాధ తప్పి చదివినవాళ్లు, ర్యాగింగ్ నుంచో మాస్టారి బెత్తం నుంచో బయటపడి ఊపిరి పీల్చుకున్నవాళ్లు, యూట్యూబ్ చూసి కోడింగ్ నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల సంగతి మన బళ్ల మీద ఫిర్యాదుగా వినాలి, ఇంటి చదువుకు యోగ్యతాపత్రంగా కాదు. ఇక బళ్లు మూయడమే తప్పా అన్నది పెద్ద అభ్యంతరం. 2020 వసంతంలో, ఆ జబ్బు గురించి ఎవరికీ ఏమీ తెలియని రోజుల్లో, తాతా మనవడూ ఒకే గదిలో పడుకునే ఇళ్లున్న చోట, మూయడం సమంజసమే. నా విమర్శ మూసినందుకు కాదు, తెరవడంలో పాటించిన వరుసకు. తెలంగాణలో బార్లు 2020 సెప్టెంబరు చివర్లో తెరుచుకున్నాయి, సినిమా హాళ్లు డిసెంబరులో, తొమ్మిదో తరగతి, ఆపై క్లాసులు ఫిబ్రవరిలో, ఒకటో తరగతి మరో ఏడు నెలలకు. ఒమిక్రాన్ వచ్చిన 2022 జనవరిలో తెలంగాణ నెలాఖరు దాకా బళ్లు మూస్తే, సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ సంక్రాంతి సెలవులు కాగానే తెరిచింది. వైరస్ ఒకటే, నిర్ణయాలు రెండు. జబ్బు నిర్ణయించిన దానికన్నా మనం నిర్ణయించుకున్నదే ఎక్కువని దీన్నిబట్టి తెలుస్తోంది.

చివరి అభ్యంతరం, అంతా కోలుకున్నాక ఇప్పుడెందుకీ లెక్కలని. దేశం మొత్తం మీద కోలుకున్న మాట నిజమే. 2024 అసర్‌లో మూడో తరగతి పఠన శాతం 27.1కి చేరింది, అంటే 2018 మెట్టు దాకా వచ్చింది. కానీ ఆ కొలత అందుకున్నది 2024లో మూడో తరగతిలో ఉన్నవాళ్లను, అంటే మూసివేత తర్వాత ఒకటో తరగతిలో చేరినవాళ్లను. తెలంగాణలో 5.2 శాతంగా, ఆంధ్రప్రదేశ్‌లో 10.3 శాతంగా తేలిన పిల్లలు వాళ్లు కాదు. ఈ పిల్లలు ఒకటో తరగతి గదిలో ఏడాది పాటు కూర్చోకుండానే పై క్లాసులకు వెళ్లారు. వెళ్తూనే ఉన్నారు. తరగతులు తప్పకుండా సాగితే వాళ్లు పదో తరగతి పరీక్ష రాసేది 2030 మార్చిలో.